సెల్ఫ్ గట్టిగానే తిరుగుతోంది, బండి అందుకోవట్లేదు – హై ప్రెషర్ పంపు పోయిందంటున్నారు, నిజమేనా?

మున్నేటి_గట్టు
2013 మోడల్, 1.5 లీటర్ డీజిల్, లక్షా నలభై వేలు తిరిగింది. కంపెనీ పేరు చెప్పను, చెబితే చర్చంతా దాని మీదికే పోతుంది. శనివారం రాత్రి దాకా బ్రహ్మాండంగా నడిచింది. ఆదివారం పొద్దున తాళం తిప్పితే సెల్ఫ్ గిర్రున తిరుగుతోంది గానీ ఇంజిన్ అందుకోవట్లేదు. బ్యాటరీ పోయినేడు వేయించిందే. సెల్ఫ్ కొట్టినప్పుడు లైట్లు డల్ అవ్వట్లేదు, హారన్ మోగుతోంది.

షెడ్డు నుంచి మనిషి వచ్చాడు. బానెట్ ఎత్తి అటూ ఇటూ చూసి, నాచేత సెల్ఫ్ కొట్టించి, "సార్, హై ప్రెషర్ పంపు పోయింది" అని తేల్చేశాడు. ఇంజెక్టర్లకి డీజిల్ని గట్టిగా నొక్కి పంపేది అదేనట. రీకండిషన్‌దైతే పాతిక వేల పైన, కొత్తదైతే దానికి రెట్టింపు దాటుతుందట. చేతిలో స్కానర్ లేదు, ఒక్క పైపు విప్పలేదు. చూడగానే పంపని ఎలా తెలుస్తుంది? అంత డబ్బు పెట్టే ముందు ఇంటి దగ్గర నేనే చూసుకోగలిగినవి ఏమైనా ఉంటే చెప్పండి. బండి ఖమ్మంలో, ఇంటి ముందే ఉంది.

సైడ్‌స్టాండ్_స్వామి
డీజిల్ ఉందా? 😀

మున్నేటి_గట్టు
సగం ట్యాంకు చూపిస్తోంది స్వామీ.

సైడ్‌స్టాండ్_స్వామి
"చూపిస్తోంది" అన్నావు గానీ "ఉంది" అనలేదు. మా మామయ్య బండి ముల్లు ఎప్పుడూ సగం దగ్గరే. ఆయన చౌటుప్పల్ దగ్గర హైవే మీద నిలబడి నాకు ఫోన్ చేశాడు. ఐదు లీటర్లు పోసి చూడు, పోయేదేం లేదు.

స్పానర్_సాంబయ్య
స్వామి నవ్వుతూ అన్నా మాట నిజమే, ముందు ఐదు లీటర్లు పోయించండి. ఆ తర్వాత నేనడిగినవి చూసి చెప్పండి.

సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంకో మనిషిని వెనకాల సైలెన్సర్ దగ్గర నిలబెట్టండి. తెల్లపొగ వస్తోందా, ఏమీ రావట్లేదా? డీజిల్ బండికి సగం రోగం అక్కడే తెలిసిపోతుంది. తెల్లపొగ వస్తోందంటే డీజిల్ సిలిండర్లోకి పడుతోంది గానీ మండట్లేదు. అప్పుడు కంప్రెషనో, టైమింగో, చలి ప్రాంతమైతే సిలిండర్ని వేడిచేసే హీటర్ ప్లగ్గులో చూడాలి. చుక్క పొగ కూడా లేదంటే అసలు ఇంజెక్టర్లు డీజిల్ కొట్టట్లేదన్నమాట. అది కరెంటు వల్లా, డీజిల్ అందకా అనేది తర్వాత సంగతి.

రెండోది, సెల్ఫ్ శబ్దం వినండి. మామూలుగా "ర్ర-ర్ర-ర్ర" అని బరువుగా, కంప్రెషన్ తగులుతున్నట్టు తిరగాలి. అడ్డూ ఆపూ లేకుండా "జుయ్య్" మని తేలిగ్గా తిరిగిపోతుంటే టైమింగ్ బెల్టు తెగి ఉండొచ్చు. అలా అనిపిస్తే ఇంక సెల్ఫ్ కొట్టకండి, వాల్వులకి దెబ్బ.

మూడోది, తాళం ఆన్ చేస్తే మీటర్లో తాళంచెవి గుర్తు లైటు వెలిగి ఆరిపోతోందా, టపటపా కొట్టుకుంటూనే ఉందా?

ఈ మూడూ చెప్పేదాకా పంపుకి అడ్వాన్సు ఇవ్వకండి.

ఓరుగల్లు_రైడర్
నా బండి గూడ గిట్లనే జేసింది అన్నా. సెల్ఫ్ మస్తు తిరిగేది, స్టార్ట్ మాత్రం కాకపోయేది. వేడి మీద బందయితే గంట దాక లేవకపోవు, చల్లబడ్డంక ఏం గానట్టు స్టార్టయ్యేది. ఎవ్వలికీ సమజ్ కాలే. ఆఖరికి ఇంజిన్ తిరుగుడు సూసే క్రాంక్ సెన్సార్ మార్చినంక లొల్లి పోయింది. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్పీఎం ముల్లు జర లేస్తుందా సూడు. లేవకుంటే సెన్సారే, ఆలోచించే పని లేదు.

మల్టీమీటర్_మూర్తి
ముల్లుని బట్టి సెన్సార్ పోయిందని తేల్చడం ప్రమాదం రైడర్ భాయ్. కొన్ని బళ్లలో సెల్ఫ్ మీద తిరిగేటప్పుడు ముల్లు కదలదు, సెన్సార్ బాగున్నా సరే. అదే ఓబీడీలో, అంటే బండి కంప్యూటర్ చెప్పేది చదివే సాకెట్‌లో చూస్తే అనుమానం ఉండదు. స్టీరింగ్ కింద డాష్‌బోర్డులో 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. ఆన్‌లైన్‌లో దొరికే ఈఎల్ఎం327 బ్లూటూత్ ముక్క దాంట్లో గుచ్చి, ఫోన్లో ఏదైనా ఓబీడీ యాప్ పెట్టుకుంటే చాలు. వెయ్యి రూపాయల లోపే.

సెల్ఫ్ తిప్పుతూ రెండు అంకెలు చూడాలి. ఒకటి ఇంజిన్ ఆర్పీఎం. సెల్ఫ్ మీద 200 నుంచి 300 మధ్య చూపించాలి. సున్నా చూపిస్తే క్రాంక్ సెన్సారో దాని వైరో. రెండోది ఫ్యూయల్ రైల్ ప్రెషర్. కామన్ రైల్ డీజిల్ అంటే పంపు డీజిల్ని రైల్ అనే ఒకే గొట్టంలో నొక్కిపెడితే అక్కణ్నుంచి అన్ని ఇంజెక్టర్లకీ వెళ్లే రకం. అందులో రైల్ ప్రెషర్ ఒక మట్టానికి రానిదే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇంజెక్టర్లని తెరవదు. ఆ మట్టం బండికో తీరు, చాలావాటిలో 150 నుంచి 250 బార్ మధ్య ఉంటుంది. అంతకు తగ్గితే పొద్దుగూకేదాకా సెల్ఫ్ కొట్టినా ఫలితం ఉండదు, బ్యాటరీ దండగ.

కోడ్లు కూడా చూడు. పీ0335 అంటే క్రాంక్ సెన్సార్ సర్క్యూట్. పీ0340 క్యామ్ సెన్సార్. పీ0087 అంటే రైల్ ప్రెషర్ తక్కువ. పీ0513 అంటే తాళంచెవిని బండి గుర్తుపట్టట్లేదు. అసలు స్కానర్ ఈసీయూతో మాట్లాడనే లేకపోతే ఈసీయూ ఫ్యూజో, రిలేయో, ఎర్తో చూసుకోవాలి.

రాజమండ్రి_అక్క
మాకు ట్రావెల్స్ బళ్లున్నాయండి. సెల్ఫ్ తిరిగి స్టార్ట్ అవ్వకపోతే మా డ్రైవర్లు మొట్టమొదట చూసేది ఎలకలు. నవ్వకండి. పోయిన వానాకాలం ఒక బండి ఇలాగే మొరాయిస్తే స్కానర్ పెట్టారు, సెన్సార్లు చూశారు, ఏం తేలలేదు. చివరికి ఇంజిన్ పైన ప్లాస్టిక్ మూత తీస్తే లోపల కొబ్బరి పీచు, గుడ్డ పీలికలు, సగం తిన్న బిస్కెట్టు. ఇంజెక్టర్లకి వెళ్లే వైర్ల కట్టలో రెండు వైర్లు రాగి తీగ తేలేదాకా కొరికేశాయి. వైర్లు అతికించి టేపు చుట్టాక ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. ముందు ఆ మూత తీసి చూడండి, పైసా ఖర్చు లేదు.

కడప_కారం
ఎలకలకి పొగాకు కాడలు కట్టి పెట్టు అక్కా, దగ్గరికి రావు.

రాజమండ్రి_అక్క
పెట్టామండి. పొగాకు మీదే గూడు కట్టుకున్నాయి. కలరా ఉండలు పెడితే బండంతా ఆ వాసనే, పాసింజర్లు ఎక్కట్లేదు. ఇప్పుడు రాత్రిపూట బానెట్ కాస్త ఎత్తి ఉంచుతున్నాం, చీకటీ వెచ్చదనం లేకపోతే అంతగా చేరట్లేదు.

సైడ్‌స్టాండ్_స్వామి
రాజమండ్రి ఎలకలకి పొగాకు అలవాటేనేమో, చుట్టూ తోటలే కదా.

పెర్త్_పంతులు
మా కెనడాలో ఉండే తమ్ముడి బండి ఇలాగే చేసింది. ఎడ్మంటన్‌లో మైనస్ 30 ఉన్నప్పుడు డీజిల్లో మైనం పేరుకుని ఫిల్టర్ మూసుకుపోతుంది, సెల్ఫ్ తిరుగుతుంది గానీ స్టార్ట్ అవ్వదు. హీటర్ పెట్టి వేడి చేయాల్సొచ్చింది. అది కూడా చూడండి.

కడప_కారం
ఖమ్మంలో డీజిల్ గడ్డకట్టిందని ఇంకెక్కడా అనకు పంతులూ. ఆ ఎండకి బండి తలుపు ముట్టుకుంటేనే చెయ్యి కాలుతుంది.

పెర్త్_పంతులు
లంబసింగిలో కూడా చలి ఉంటుందిగా.

కడప_కారం
ఉంటుంది, ఉప్మా చల్లారేంత. డీజిల్ గడ్డకట్టేంత కాదు.

మున్నేటి_గట్టు
అందరికీ ఒకేసారి జవాబు చెప్తున్నా.

ఐదు లీటర్లు పోశాను. తేడా లేదు. ఎలకలు లేవు, మూత తీసి చూశా, దుమ్ము తప్ప ఏమీ లేదు. సెల్ఫ్ శబ్దం బరువుగానే ఉంది, జుయ్యి మనట్లేదు. తాళంచెవి లైటు వెలిగి ఆరిపోతోంది. మా అబ్బాయిని వెనక నిలబెట్టా, పొగ అస్సలు లేదు.

పక్కింటాయన దగ్గర బ్లూటూత్ ముక్క ఉంటే తెచ్చి పెట్టా. ఆర్పీఎం 230 నుంచి 250 చూపిస్తోంది. రైల్ ప్రెషర్ మాత్రం 7,000 నుంచి 9,000 అని వస్తోంది! మూర్తిగారూ, మీరు 150–250 అన్నారు, ఇదేంటి? కోడ్ పీ0087 ఒక్కటే ఉంది.

మల్టీమీటర్_మూర్తి
కంగారుపడకండి. యాప్‌లో అది కిలోపాస్కల్స్. 100 కిలోపాస్కల్స్ ఒక బార్. అంటే మీకు వస్తున్నది 70 నుంచి 90 బార్ అంతే. ఆ ప్రెషర్‌కి ఇంజెక్టర్ నోరు తెరవదు. పొగ లేకపోవడానికి కారణం అదే, కోడ్ కూడా సరిపోయింది.

ఇప్పుడు లెక్క తేలిగ్గా ఉంది. క్రాంక్ సెన్సార్ బాగుంది, లేకపోతే ఆర్పీఎం రాదు. ఈసీయూ బతికే ఉంది. తాళంచెవి గొడవ లేదు. మిగిలింది ప్రెషర్ ఎందుకు లేవట్లేదన్నదే. పంపుకి ట్యాంకు నుంచి డీజిల్ సరిగ్గా అందకపోవచ్చు. అందినా ఇంజెక్టర్ల రిటర్న్‌లోంచి, అంటే మిగిలిన డీజిల్ వెనక్కెళ్లే పైపుల్లోంచి కారిపోవచ్చు. లేదా పంపే అరిగిపోయి ఉండొచ్చు. షెడ్డాయన మొదటి రెండూ చూడకుండా నేరుగా మూడోదానికి వెళ్లాడు. అత్యంత ఖరీదైనది కూడా అదే, కాకతాళీయమే అనుకుందాం.

ఓరుగల్లు_రైడర్
సెన్సార్ కాదంటే ఒప్పుకుంట. గని లక్షా నలభై వేలు తిరిగిన బండికి పంపు పోవుడు వింతేం గాదు. షెడ్డాయన రోజు గియ్యే బండ్లు సూస్తడు, ఆయనకు చెవితోనే తెలుస్తది. అందర్నీ దొంగల లెక్క సూడొద్దు.

స్పానర్_సాంబయ్య
దొంగ అని ఎవరూ అనలేదు రైడరూ. ముప్పై ఏళ్లు ఈ పనే చేసినవాడిని, చెవితో పట్టే రోగాలున్నాయని నాకూ తెలుసు. పాత ఇన్‌లైన్ పంపు రోజుల్లో చెవి సరిపోయేది. కామన్ రైల్‌లో 80 బార్ ఉందా, 180 ఉందా అన్నది ఏ చెవికీ వినపడదు. చూడకుండా పంపు ఊడదీస్తే గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

గట్టుగారూ, రిటర్న్ పరీక్ష ఇలా చేయించండి. మందుల షాపులో సెలైన్ సెట్లు నాలుగు కొనండి. ఇంజెక్టర్ల నెత్తిన సన్న రబ్బరు పైపులుంటాయి, అవి రిటర్న్. క్లిప్పులు జాగ్రత్తగా తీసి, ఒక్కో ఇంజెక్టర్‌కి ఒక్కో సెలైన్ పైపు తగిలించి, నాలుగు ఖాళీ నీళ్ల సీసాల్లోకి వదలండి. సీసాలు ఒకే ఎత్తులో వైరుతో కట్టండి. ఊడదీసిన రిటర్న్ పైపు కొసని మూసేయాలి, లేకపోతే అక్కణ్నుంచి కారుతుంది. ఇప్పుడు పది సెకన్ల పాటు సెల్ఫ్, కాసేపు ఆపు, మళ్లీ పది సెకన్లు. బాగున్న ఇంజెక్టర్లు సెల్ఫ్ మీద నాలుగు చుక్కలు రాల్చి ఊరుకుంటాయి. ఏదైనా ఒక సీసాలోకి ధార కడితే ఆ ఇంజెక్టరే ప్రెషర్‌ని తినేస్తోంది. నాలుగూ సమానంగా, కొద్దిగా ఉంటే ఇంజెక్టర్ల తప్పు లేదు.

ఒక్క మాట. పాతకాలం డీజిల్ బళ్లలాగా ఇంజెక్టర్‌కి వెళ్లే ఇనప పైపు నట్టు వదులు చేసి "డీజిల్ వస్తోందా" అని చూసే అలవాటు చాలామందికి ఉంది. కామన్ రైల్‌లో ఆ పని చేయకండి. ఇంజిన్ తిరిగేటప్పుడు అక్కడ 1,400 బార్ దాకా ఉంటుంది. సన్న ధార చర్మంలోంచి లోపలికి దిగిపోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, లోపల వేలు కుళ్లిపోతుంది. అలా తగిలితే నొప్పి లేకపోయినా అప్పుడే ఆస్పత్రికి పోవాలి.

టర్బో_టైగర్
ఇంత గొడవెందుకు బ్రో, ఎయిర్ ఫిల్టర్ దగ్గర స్టార్టింగ్ స్ప్రే కొట్టు, దెబ్బకి స్టార్ట్. లేదా నలుగురు తోస్తే సెకండ్ గేర్‌లో క్లచ్ వదులు.

స్పానర్_సాంబయ్య
వద్దు నాయనా. హీటర్ ప్లగ్గులున్న డీజిల్ ఇంజిన్లో ఈథర్ స్ప్రే కొడితే అది వేళకి ముందే భగ్గుమంటుంది. పిస్టన్ రింగులు విరిగిన బళ్లు చూశాను. ఇక తోయడం అంటావా, సెల్ఫ్ తిరగనప్పుడు తోస్తారు. ఇక్కడ సెల్ఫ్ తిరుగుతోందిగా, తోస్తే కొత్తగా ఒరిగేదేముంది?

టర్బో_టైగర్
మా లారీకి కొడతాం అంకుల్, ఏం కాలేదు.

స్పానర్_సాంబయ్య
ఇంకా కాలేదు.

నల్గొండ_నాయుడు
ప్రెషర్ తక్కువంటే నా ఓటు నీళ్ల డీజిల్‌కి. వానాకాలం బంకు ట్యాంకుల్లోకి నీరు దిగుతుంది. ఫిల్టర్ అడుగున స్క్రూ వదిలి గాజు సీసాలోకి పట్టండి. పదిహేను నిమిషాలు కదలకుండా ఉంచితే నీళ్లు బరువు కాబట్టి అడుగుకి దిగి గీత కనిపిస్తుంది. నీళ్లుంటే బంకువాడిని వదలకండి. వాటర్ ఫైండింగ్ పేస్టు పూసిన కర్ర ట్యాంకులో ముంచి చూపించమనే హక్కు మనకుంది, ఆ రోజు డెన్సిటీ ఎంతో కూడా రాసి పెట్టాలి. ఫిల్టర్ పేపర్ పరీక్ష పెట్రోలుకి, డీజిల్‌కి అది పనికిరాదు.

మున్నేటి_గట్టు
నాయుడుగారూ, పట్టి చూశా. సీసాలో డీజిల్ శుభ్రంగా, ఎండలో పెడితే లేత పసుపుగా మెరుస్తోంది, అడుగున గీత లేదు, చెత్త కూడా లేదు. ఫిల్టర్ కొత్తదేగా, పోయిన నెలలోనే మార్పించా.

మల్టీమీటర్_మూర్తి
ఆగండాగండి. ఫిల్టర్ పోయిన నెలలో మార్పించారా? ఇది మొదటి పోస్టులోనే రావాల్సిన మాట!

రాజమండ్రి_అక్క
అదీ సంగతి 😀

కడప_కారం
డాక్టరు దగ్గర "మొన్ననే ఆపరేషన్ అయింది" అని ఆఖర్న చెప్పేవాళ్లు ఉంటారు సామీ, ఈయన ఆ బాపతే.

మున్నేటి_గట్టు
మార్చాక మూడు వారాలు బాగానే నడిచింది కదా, సంబంధం లేదనుకున్నా. అయితే ఒకటి గుర్తొస్తోంది. ఈమధ్య పొద్దున్నే స్టార్ట్ అవ్వడానికి కాస్త ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టాల్సి వచ్చేది. వానల వల్లేమోలే అనుకున్నా.

స్పానర్_సాంబయ్య
అలా దారికి రండి. ఈ రకం బళ్లలో ట్యాంకులో పంపు ఉండదు. ఇంజిన్ దగ్గర పంపే ట్యాంకు నుంచి డీజిల్ని పీల్చుకోవాలి. పీల్చే దారిలో ఎక్కడ సన్న సందున్నా డీజిల్ బదులు గాలి వస్తుంది. రాత్రంతా నిలబడితే గాలి దూరి, పైపులో డీజిల్ ట్యాంకుకి జారిపోతుంది. పొద్దున ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టాల్సి రావడం దానికే. సందు పెరిగేకొద్దీ ఒకరోజు అసలే అందుకోదు.

ఫిల్టర్‌కి వచ్చే పైపు మధ్యలో నల్లటి రబ్బరు బల్బు ఉంటుంది, చూడండి. దాన్ని పిసుకుతూ పోండి. కాసేపటికి రాయిలా గట్టిపడాలి. గట్టిపడుతోందా? ఇంకోటి, మీ ఇంటి ముందు నేల వాలుగా ఉందా? బండి మూతి ఎటు పెడతారు?

మున్నేటి_గట్టు
బల్బు ఎంత పిసికినా మెత్తగానే ఉంది, చెయ్యి నొప్పి పుట్టింది. కానీ అలా పిసికాక సెల్ఫ్ కొడితే ఒక్కసారి అందుకుని, రెండు క్షణాలు దడదడలాడి ఆగిపోయింది! నేల వాలుగానే ఉంది, కాలవ వైపు పల్లం. మూతి రోడ్డు వైపు, అంటే ఎత్తుకి. వెనక పల్లంలో ఉంటుంది.

స్పానర్_సాంబయ్య
ట్యాంకు వెనక, పల్లంలో. జారిపోవడానికి ఇంకేం కావాలి. పంపు మీద అనుమానం సగానికి సగం తగ్గింది.

ఓరుగల్లు_రైడర్
సగమే కదా సాంబయ్య సారూ. పంపు లోపల వాల్వు అరిగినా గట్లనే అయితది. పిసికినప్పుడు అందుకున్నదంటే పంపు సొంతంగ పీల్చలేకపోతున్నదని గూడ అనుకోవచ్చు.

మల్టీమీటర్_మూర్తి
రైడర్ చెప్పిన పాయింటు కరెక్టే, పిసికితే అందుకోవడం రెండింటికీ సరిపోతుంది. రెండిట్లో ఏదో తేల్చే పరీక్ష ఒకటుంది. ట్యాంకునీ ఫిల్టర్‌నీ పూర్తిగా పక్కనపెట్టేయాలి. శుభ్రమైన ఐదు లీటర్ల డబ్బాలో డీజిల్ పోసి, బానెట్ కింద పంపు కన్నా ఎత్తులో పెట్టి, దాన్నుంచి కొత్త డీజిల్ పైపు నేరుగా పంపు ఇన్లెట్‌కి బిగించాలి. మధ్యలో బల్బు ఉంటే మేలు. గాలి తీసి సెల్ఫ్ కొట్టాలి. స్టార్ట్ అయి నిలబడితే పంపు బాగుంది, రోగం ట్యాంకుకీ పంపుకీ మధ్యలో. డబ్బాతో కూడా 80 బార్ దాటకపోతే, రిటర్న్ పరీక్ష కూడా బాగుంటే, అప్పుడు రైడర్ చెప్పినట్టు పంపే. డబ్బా, పైపు, మూత అన్నీ తళతళలాడాలి. ఇసక రేణువు పోయినా నిజంగానే పంపు పోతుంది.

నల్గొండ_నాయుడు
వంటనూనె డబ్బా వాడకండి బాబూ. మా ఊళ్లో ఒకాయన వాడాడు, బండి పకోడీల వాసన కొడుతూ తిరిగింది.

మున్నేటి_గట్టు
ఇంకో షెడ్డు కుర్రాణ్ని పిలిచా, ఓపిక ఉన్నవాడు. మీరు రాసినవి ఫోన్లో చూపిస్తే ఒక్కొక్కటీ చేశాడు.

సెలైన్ పరీక్ష: నాలుగు సీసాల్లోనూ అడుగు తడిసేంతే, అన్నీ దాదాపు సమానం. మందుల షాపాయన "ఎవరికి బాగోలేదు?" అనడిగాడు, కారుకి అంటే వింతగా చూశాడు.

డబ్బా పరీక్ష: గాలి తీశాక రెండో సెల్ఫ్‌కి అందుకుంది! నిలబడింది. సెల్ఫ్ మీదే ప్రెషర్ 30,000 చూపించింది, అంటే 300 బార్. ఐడిల్‌లో పావుగంట వదిలేశాం, ఆగలేదు.

రాజమండ్రి_అక్క
శుభం! పాతిక వేలు మిగిలాయి.

ఓరుగల్లు_రైడర్
సరే, పంపు బతికే ఉంది. ఇగ సందు ఏడున్నదో పట్టుండ్రి.

స్పానర్_సాంబయ్య
పట్టడం తేలికే. మామూలు పైపులు తిరిగి బిగించి, ఫిల్టర్‌కి ముందొక ముక్క, ఫిల్టర్ తర్వాత ఒక ముక్క పారదర్శకంగా కనిపించే పైపు వేయండి. స్టార్ట్ చేసి చూడండి. ముందున్న ముక్కలోనే బుడగలు వస్తుంటే ట్యాంకు వైపు పైపులో సందు. ముందు శుభ్రంగా ఉండి తర్వాత ముక్కలో బుడగలొస్తే ఫిల్టర్ దగ్గరే.

మున్నేటి_గట్టు
ఫిల్టర్ ముందు ముక్కలో ఒక్క బుడగ లేదు. తర్వాత ముక్కలో సోడా గ్లాసే!

కుర్రాడు ఫిల్టర్ బయటికి తీశాడు. అడుగున నీళ్లు వదిలే ప్లాస్టిక్ స్క్రూ ఉంది కదా, దానికుండే "ఓ-రింగ్" (సందు మూసే రబ్బరు రింగు) పాతదే. మరి ఫిల్టర్ మార్చినప్పుడు కొత్తది పెట్టలేదో ఏమో. వేలితో వంచితే చిట్లింది, ఒకచోట నొక్కుకుపోయి బల్లపరుపుగా అయింది. స్క్రూ మరమీద పానా జారిన గీతలు కూడా ఉన్నాయి. నాకు అర్థంకానిది ఒకటే: అంత సందుంటే డీజిల్ కింద కారాలి కదా? నేల మీద ఒక్క చుక్క మరక లేదు. షెడ్డాయన కూడా అదే అన్నాడు, "లీకేజీ ఎక్కడా లేదు సార్" అని.

మల్టీమీటర్_మూర్తి
అది పీల్చే వైపు. ఇంజిన్ తిరిగేటప్పుడు లోపల ప్రెషర్ బయటి గాలి కన్నా తక్కువ. అందుకే గాలి లోపలికి పోతుందే తప్ప డీజిల్ బయటికి రాదు. ఆపాక డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారుతుంది, సందులోంచి గాలే దూరుతుంది. "మరక లేదు కాబట్టి లీకు లేదు" అనే మాట ఈ వైపు పైపులకి పనికిరాదు.

ఓరుగల్లు_రైడర్
ఒక్కటి మాత్రం నా మాట ఇను గట్టన్నా. పంపుకు గ్రీజు, నూనె వేరే ఉండవు, డీజిలే దానికి నూనె. ఇన్ని దినాలు గాలి మింగుకుంట తిరిగింది, లోపల గీసుకుపోయి ఉండొచ్చు. ఆ పాత ఫిల్టర్ని కోసి లోపలి కాయితం ఎండలో ఆరబెట్టి సూడు. వెండి పొడి లెక్క మెరిస్తే పంపు అరుగుతున్నట్టే, ఆ పొడి ఇంజెక్టర్లకు పోతే పెద్ద ఖర్సు.

స్పానర్_సాంబయ్య
ఇది మంచి సలహా. నేనూ అదే రాద్దామనుకున్నా, రైడర్ ముందే అందుకున్నాడు. ఒక అయస్కాంతం కూడా తిప్పి చూడండి.

మున్నేటి_గట్టు
కోసి చూశాం. కాయితం మడతల్లో నల్లటి మసి ఉంది గానీ మెరుపు లేదు. అయస్కాంతానికి ఏమీ అంటలేదు. స్క్రూతో సహా కొత్త ఫిల్టర్ వేశాం, బల్బు ఇప్పుడు పిసికితే రాయిలా ఉంది. కుర్రాడు కూలి 800 తీసుకున్నాడు, ఫిల్టర్ ధర విడిగా. రాత్రంతా పల్లంలోనే పెట్టి పొద్దున కొట్టా, వెంటనే లేచింది.

మొదటి షెడ్డాయన ఫోన్ చేశాడు, "పంపు తెప్పించమంటారా" అని. వద్దన్నా. వచ్చి చూసినందుకు ఐదొందలు అడుగుతున్నాడు. ఇవ్వాలా?

కడప_కారం
దేనికి, చూసినందుకా?

రాజమండ్రి_అక్క
ఇచ్చేయండి. వచ్చిన పెట్రోలుకి. రేపు అర్ధరాత్రి బండి ఆగితే ఊళ్లో వచ్చే మనిషి ఆయనే అవ్వొచ్చు.

ఓరుగల్లు_రైడర్
అక్క మాటే నాది గూడ. ఇచ్చి ఆ చిట్లిన రింగు గూడ సూపెట్టు.

సైడ్‌స్టాండ్_స్వామి
నాకైతే ఇంకా ఐదు లీటర్ల డబ్బులు రావాలి, మొదటి సలహా నాది.

నెల్లూరు_నందిని
ఇదే దార్లో నాదీ ఒకటి, డీజిల్ కాదు, పెట్రోల్ కారు. నిన్న గేటు లోంచి లోపల పెట్టడానికి స్టార్ట్ చేసి పది అడుగులు నడిపి ఆపేశాను. పొద్దున సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, స్టార్ట్ అవ్వట్లేదు. బోలెడుసార్లు కొట్టాను. ఇప్పుడు పెట్రోలు వాసన గుప్పుమంటోంది. దీనికీ సెలైన్ సీసాలు కట్టాలా?

మల్టీమీటర్_మూర్తి
సీసాలు అక్కర్లేదమ్మా. తాళం ఆన్ చేసినప్పుడు వెనక సీటు కింద రెండు సెకన్లు "జూ" మని పంపు శబ్దం వస్తోందా?

నెల్లూరు_నందిని
వస్తోంది.

మల్టీమీటర్_మూర్తి
వాసన కూడా ఉందంటే పెట్రోలు అందుతోంది, ఎక్కువైంది. చల్లటి ఇంజిన్ని స్టార్ట్ చేసి వేడెక్కకుండానే ఆపేస్తే ప్లగ్గులు తడిసిపోతాయి. యాక్సిలరేటర్ నేలకి అంటేదాకా పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి, ఐదారు సెకన్లు. ఇంజెక్షన్ బళ్లలో చాలావాటికి అలా తొక్కితే ఈసీయూ పెట్రోలు ఆపేసి గాలి మాత్రమే పంపిస్తుంది, ప్లగ్గులు ఆరతాయి. దగ్గినట్టు అనిపించగానే కాలు తీసేయండి. కుదరకపోతే ప్లగ్గులు తీసి ఆరబెట్టాలి.

నెల్లూరు_నందిని
దగ్గింది, దగ్గింది… లేచింది! వీధంతా పొగ, పక్కింటి ఆంటీ తలుపు వేసేసుకుంది.

మల్టీమీటర్_మూర్తి
ఆపకండి. ఒక పది కిలోమీటర్లు తిప్పుకుని రండి.